ఎడమచేతి సలాం

మోటారు సైకిళ్ల మీద పదిమంది కలిసి పోతుంటే చూసేవాళ్లకు బాగుంటుంది. ఆ వరసలో ఉన్నవాళ్లకూ బాగుంటుంది, నేను కాదనను. రెండేళ్ల పైచిలుకు ఆ వరసలో కూచుని తిరిగినదాన్ని. అందులో మంచి ఏమిటో, చెడు ఏమిటో నాకు ఒకళ్లు చెప్పక్కర్లేదు. ఇప్పటికీ కుర్రాళ్లు గుంపుగా బండ్ల మీద మా వీధిలోంచి పోతే నేను లోపలికి వెళ్లి తలుపేసుకుంటాను. మా కోడలు నాకు చప్పుడు పడదనుకుంటుంది. అలాగే అనుకోనీ అని ఊరుకున్నాను.

అప్పట్లో మేము జహనుమాలో ఉండేవాళ్లం. మా ఆయన సర్కారు బస్సుల కార్ఖానాలో ఫిట్టరు. నా తమ్ముడికి కూడా అక్కడే టైర్ల పని దొరికింది. మా అమ్మ పోయేనాటికి వాడు చిన్నపిల్లవాడు. నాకు పెళ్లయి వస్తుంటే నా కొంగు పట్టుకుని వాడూ వచ్చాడు. "కోడల్ని తెచ్చుకుంటే కొడుకు గూడ ఒచ్చిండు" అని మా అత్త వాడకట్టంతా చెప్పుకునేది. అలా అంటూనే అన్నం ముందు వాడికే పెట్టేది. నాకప్పటికి పిల్లలు లేరు. వాడిని తమ్ముడనే పిలిచేదాన్ని గానీ, ఆలస్యంగా ఇంటికొస్తే నా కడుపులో పడే ఆరాటం అక్కది కాదు, తల్లిది.

పోలీసు చర్య అయిపోయాక మిలిటరీవాళ్లు పాత సామానంతా హర్రాజు వేశారు. అందులో మోటారు సైకిళ్లు కూడా వచ్చాయి. ఒకదానికి చక్రం ఉండదు, ఇంకోదానికి టాంకీ ఉండదు. కార్ఖానావాళ్ల కంట ఇనుము పడితే వదులుతారా? సెలవు దొరికితే చాలు, వాటి ముందే గొంతుక్కూచునేవాళ్లు. రెండు మూడు పీనుగులను కలిపి ఒక బండిని బతికించుకున్నారు. మా ఆయన బండికి పక్కన సైడుకారు ఉండేది. నేను అందులో కూచుంటే వీధిలో ఆడవాళ్లు "తొట్టెల్ల మహారాణి" అని నవ్వేవాళ్లు. నవ్వుకోనీ అనుకునేదాన్ని. వాళ్ల మొగుళ్లు వాళ్లను చార్మినారు దాకా నడిపించుకునే పోయేవాళ్లు, అదీ తాము ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి చూడకుండా.

గుంపుకు పెద్ద, కార్ఖానాలో అందరికీ పని నేర్పిన ముసలి ఫిట్టరు. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. ఆయన ముసల్మాను. మిగిలినవాళ్లలో కొందరు వాళ్లు, కొందరు మేము, ఒక కిరస్తానీ వెల్డరు. వరసలో అందరికంటే ముందు ఉస్తాద్ బండి. అందరికంటే వెనక వెల్డరు. పక్కనే రైలు స్టేషన్ కదా, వెనకవాణ్ని గార్డు అనేవాళ్లు. ఎవడి బండి ఆగినా వాడి దగ్గర ఆగేది గార్డే. సైడుకారు బరువుకు మా బండి ఉరకలేదు గనక మేమెప్పుడూ గార్డుకు ముందే.

ఆ బండ్ల చప్పుడులో మాట వినపడదు. అందుకని ఉస్తాద్ ఒక గుర్తు పెట్టాడు. ముందు ఏదన్నా అడ్డం ఉంటే ఆయన ఎడమచెయ్యి పైకెత్తుతాడు. చూసినవాడు తనూ ఎత్తాలి. అట్లా ఒకరిని చూసి ఒకరు ఎత్తుకుంటూ కబురు వెనకదాకా పోవాలి. కుడిచేతిలో రేసు ఉంటుంది, అది వదిలితే బండి ఆగిపోతుంది, అందుకే ఎడమచెయ్యి.

గుంపు వల్ల మేలు లేదంటే నా నోట్లో పురుగులు పడతాయి. ఆ రోజుల్లో జనం మనసుల్లో భయం ఇంకా పోలేదు. కొన్ని గల్లీల్లోకి మేము పోయేవాళ్లం కాదు, కొన్ని గల్లీల్లోకి వాళ్లు వచ్చేవాళ్లు కాదు. ఈ పది బండ్లు మాత్రం ఎక్కడికైనా పోయేవి. బహదూర్‌పురాలో చాయ్ తాగేవాళ్లం, కార్వాన్‌లో మిర్చీలు తినేవాళ్లం, ఎవడూ పల్లెత్తు మాట అనేవాడు కాదు. మా పక్కింటి ముసలమ్మ పోయినరోజు ఆమె కొడుకులు ఊరంతా తలోచోట ఉన్నారు. బండ్లు తలోదిక్కుకు పోయి, పొద్దు వాలేలోపల అందరినీ వెనక కూచోబెట్టుకుని తెచ్చాయి. తల్లి ముఖం చూడకుండా ఏ కొడుకూ మిగల్లేదు. ఆ రోజు నేను ఆ చప్పుడుకు దండం పెట్టాను.

చెడు ఏమిటంటే, గుంపులో ఉన్న మగవాడు దారి చూడడు, ముందువాడి వీపు చూస్తాడు. పదిమందికీ కలిపి మెదడు ఒకటే ఉంటుంది, అది అందరికంటే ముందున్నవాడి దగ్గర ఉంటుంది. ఈ మాట మా ఆయనతో అంటే, "నీకేం తెలుస్తది, నువ్వు తొట్టెల కూచుంటవ్" అనేవాడు. తొట్టెలో కూచున్నదానికి చేతిలో పనేమీ ఉండదు గనక దారంతా కనపడుతుందని ఆయనకు తెలియదు.

ఇంకో సంగతి ఉంది. గండిపేట దారిలో ఒక మలుపు దగ్గర చిన్న దర్గా ఉండేది. ఆకుపచ్చ బట్ట కప్పిన సమాధి, చుట్టూ సున్నం కొట్టిన గోడ, అంతే. దాని ముందునుంచి పోయేవాళ్లు ఎవరైనా, ఏ మతంవాళ్లైనా, చెయ్యి నుదుటికి ఆనించుకుని పోవడం ఆనవాయితీ. మా వరస కూడా చేసేది. నడక మీద పోయేవాళ్లు కుడిచేత్తో చేస్తారు. మావాళ్లకు కుడిచెయ్యి ఖాళీ ఉండదు గనక ఎడమచేత్తో చేసేవాళ్లు. "ఎడమచేత్తో సలాం ఏంది ఉస్తాద్, పాపం కాదా?" అని నా తమ్ముడు ఒకసారి అడిగాడు. ఆయన గడ్డం నిమురుకుని, "కుడిచేతిల రేసుంటదని పీర్‌సాబ్‌కు మాలూమే బిడ్డా" అన్నాడు. అందరం పడీ పడీ నవ్వాం. ఉస్తాద్ చెయ్యి లేచేది, ఆయన్ను చూసి వెనకవాడిది, వాడిని చూసి ఇంకోడిది. ఆగమనే గుర్తు ఎట్లా వెనక్కి పోయేదో సలాం కూడా అట్లాగే పోయేది. పదిమందిలో ఒక్కడికైనా ఆ రెండూ కలిసిపోతాయని తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఆ ఆదివారం గండిపేటకు బయలుదేరేటప్పుడు వెల్డరుకు జ్వరమని కబురొచ్చింది. నా తమ్ముడు ముందుకొచ్చి, "ఇయ్యాల గార్డు నేనుంట" అన్నాడు. వాడు బండి కట్టుకుని అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. "కొత్తోడు ఎనక ఉండొద్దు. ముందోళ్లు జర్ర నిమ్మళంగ పోయినా, ఎనకోడు అందుకునేతందుకు ఉరుకుతడు. ఎనక ఉన్నోని బండే అందరికంటె జోరు పోతది."

వాడి ముఖం చిన్నబోయింది. అది చూడలేక మా ఆయన, "నా ఎనకనే గద ఉండేది ఉస్తాద్. ఫికర్ చేయకు, నేను చూస్కుంట" అన్నాడు. వాడు నావైపు చూసి కన్నుగీటాడు. నేను కూడా నవ్వాను.

పోయేటప్పుడు ఏమీ కాలేదు. చెరువు కట్ట మీద కూచుని తెచ్చుకున్న రొట్టెలు తిన్నాం. పొద్దు దిగుతుండగా వెనక్కి తిరిగాం. దర్గా మలుపుకు ముందు దారి కొంచెం పల్లం. బండ్లన్నీ జోరు అందుకున్నాయి. మలుపు ఎడమవైపుకు తిరుగుతుంది. సైడుకారు కూడా ఎడమవైపే గనక, వంగి చూస్తే మలుపు అవతల దాకా నాకు కనపడింది.

షాబాదు బండలు వేసుకుని పట్నానికి పోయే ఎడ్లబండ్లు అక్కడ వరసగా నిలిచిపోయి ఉన్నాయి. ముందుబండి ఇరుసు విరిగినట్టుంది. చివరి బండికి వెనకనుంచి బండరాళ్లు ఛాతీ ఎత్తున బయటికి పొడుచుకుని ఉన్నాయి. ఉస్తాద్ చెయ్యి లేచింది. నుదుటి దగ్గరికి పోలేదు. నిటారుగా, అరచెయ్యి తెరిచి, తల మీదికి లేచింది. ఆయన వెనకవాడికి దర్గా కనపడింది, ఉస్తాద్ చెయ్యి లేవడం కనపడింది. వాడు ఎడమచెయ్యి నుదుటికి ఆనించుకున్నాడు. వాడి వెనకవాడూ అంతే. ఒకడి తరవాత ఒకడు, తొందరేమీ లేకుండా, భక్తిగా.

నేను అరిచాను. మా ఆయన నా పెదాలు కదలడం చూసి దర్గాకు మొక్కుకుంటున్నాననుకున్నాడట. తనూ చెయ్యి నుదుటికి పెట్టుకున్నాడు. నేను వెనక్కి తిరిగి, లేచి నిలబడినంత పనిచేసి, నా తమ్ముడివైపు చెయ్యెత్తాను. వాడు మమ్మల్ని అందుకోవడానికి ఉరికి వస్తున్నాడు. నన్ను చూశాడు. నవ్వాడు. చెయ్యి నుదుటికి ఆనించుకున్నాడు.

ముందువాళ్లకు ఎడ్లబండ్లు కళ్లబడగానే బండ్లు దారి దించి తుప్పల్లోకి తోలారు. ఒకరికి చర్మం లేచిపోయింది, ఒకరికి మణికట్టు విరిగింది. మా ఆయన కూడా ఆఖరు క్షణంలో పక్కకు తిప్పేశాడు. సైడుకారు చక్రం గుంతలో దిగబడి ఆగింది. మేము తప్పుకున్నాక వాడి ముందు ఆ బండరాళ్లు తప్ప ఇంకేమీ లేవు. ఆ చప్పుడు గురించి నేను రాయను.

పెద్ద దవాఖానాకు అందరూ కలిసే తెచ్చారు. ఎవడూ ఇంటికి పోలేదు. ఒకడు ఐసు తెచ్చాడు, ఒకడు మందుకోసం ఊరంతా తిరిగాడు, రక్తం కావాలంటే అందరూ చొక్కాల చేతులు మడుచుకుని నిలబడ్డారు. ఉస్తాద్ వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు, కూచోమన్నా కూచోలేదు. మర్నాడు వాడికి కాస్త తెలివి వచ్చింది. అప్పుడు మంచం దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. ఏదో అన్నాడు. నేను బదులు చెప్పాను. సాయంత్రానికి పోయాడు.

దినాలు జరుగుతుండగానే వాడకట్టులో గుసగుసలు లేచాయి. "పెద్దాయన చెయ్యెత్తిండంట, పిల్లడు పోయిండంట. గది ఆళ్ల దర్గా కాడనే గద" అని ఒకామె పరామర్శకొచ్చి నా చెవిలో వేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి, ఆమె చెప్పులు తెచ్చి ఆమె ముందు పెట్టాను. మా అత్త కూడా నన్ను ఏమీ అనలేదు. అయినా ఆ మాట ఆమెతోనే ఆగదని నాకు తెలుసు. అప్పటి పట్నంలో అట్లాంటి మాటకు కాళ్లుండేవి.

పదకొండో దినం అయిపోయాక గుంపంతా మా ఇంటికి వచ్చింది. నడిచి వచ్చారు. అరుగు మీద కూచున్నారు. వెల్డరు గొంతు సవరించుకుని, "గుర్తు మార్చినం అక్కా. ఇగ చెయ్యి మీదికెత్తేది లేదు. పక్కకు చాపి పిడికిలి పట్టాలె. దర్గా కాడ ఎవ్వడు సలాం జెయ్యొద్దు, చెయ్యాలంటె ఆగి దిగి చెయ్యాలె" అన్నాడు. మంచి పద్ధతే. ఎవరు విన్నా మంచిదే అంటారు. నాకు మాత్రం వాడి నోరు నొక్కేయాలనిపించింది. నా తమ్ముడి ప్రాణం ఖర్చుపెట్టి వీళ్లు ఒక పిడికిలి కొనుక్కున్నారనిపించింది.

ఉస్తాద్ తల ఎత్తకుండా, "పిల్లగాడు నన్నేమన్న అన్నడా బహెన్?" అని అడిగాడు.

"నిన్నేం అనలే" అన్నాను. "నన్నడిగిండు. 'నిన్ను జూసి నేను గూడ సలాం జేసిన గద అక్కా, గట్లెందుకైంది' అని అడిగిండు."

ఉస్తాద్ అప్పుడు తల ఎత్తాడు.

"నువ్వేం జెప్పినవ్?"

"మంచిగ జేసినవ్ రా అని చెప్పిన."

ఆ ముసలాయన భుజం మీది తువ్వాలు తీసి ముఖం కప్పుకున్నాడు. ఆయన మీద నాకు కోపం ఉందో లేదో అప్పుడు తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేలలేదు.

ఆ తరవాత కొన్నాళ్లకు, ఒక ఆదివారం పొద్దున, పెరట్లో పానాల చప్పుడు వినపడి వెళ్లాను. మా ఆయన సైడుకారు ఊడదీసి గోడకు చేర్చాడు. ఒంటి బండి సన్నగా, ఎవరిదో లాగా కనపడింది.

"పోతున్నవా?" అన్నాను.

"మనం పోకపోతె లొల్లి ముదురుతది. ఉస్తాద్‌ను ఒక్కణ్ని జేస్తరు. మన ఇంటి మనిషి ఆయన ఎంబడి పోవాలె, వాడకట్టంత చూడాలె."

ఆయన చెప్పింది నిజం. నిజమని తెలిసి కూడా ఆయన్ను ఆ బండి మీదినుంచి లాగి ఇంట్లో వేసి తాళం పెట్టాలనుంది నాకు. వీధిలో ఒక్కొక్క బండీ వచ్చి ఆగుతోంది.

"ఎనక ఎవరుంటున్నరు?" అని అడిగాను.

ఆయన పానా తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. సంచి భుజానికి తగిలించుకున్నాడు. నా ముఖంలోకి చూడలేదు.

"నేనే" అన్నాడు.

బండి గుమ్మం దాకా నడిపించుకుపోయి, అక్కడ ఆగి, "పోయొస్త" అన్నాడు. ఎవరైనా ఆ మాటంటే ఊ అనాలి. నేను ఊ అనలేదు. కాసేపు చూసి వెళ్లిపోయాడు.