ఆది జాకెట్టు

టేపు మెడలో వేసుకునేదాన్నే గాని దాని మీది అంకెలు నాకు తెలిసేవి కావు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ వరండాలో మిషను పెట్టుకుని ఏళ్ల తరబడి జాకెట్లు కుట్టాను. ఎవరి ఒంటినీ కొలిచి ఎరగను. సరిగ్గా పట్టిన పాత జాకెట్టు ఒకటి ఆదికి తెచ్చేవారు. దాన్ని గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీత గీసి కత్తిరించేదాన్ని. ఉన్నదున్నట్టు దించడమే పనితనం అనుకునేదాన్ని.

మా వరసలో చివరింటి కోడలికి ఎడమ భుజం కొద్దిగా వాలి ఉండేది. భర్త వర్క్‌షాపులో ఫిట్టరు. ఆమె జాకెట్లన్నీ నావే. కొన్నాళ్లకు ఆది చూడకుండానే నా చెయ్యి ఎడమవైపు గీతను దించేది. ఎనభైల చివర్లో ఆమె కామెర్లతో పోయింది. ఆది జాకెట్టు మిషను పక్కన సంచిలో ఉండిపోయింది. తిరిగి ఇచ్చేద్దామని తీసేదాన్ని, మడత పెట్టి మళ్లీ లోపలే పెట్టేదాన్ని. వేరేవాళ్ల గుడ్డ కత్తిరిస్తున్నా ఎడమ గీత దానంతటదే దిగేది. గుడ్డ పాడవుతుందన్న భయం కన్నా, నా చెయ్యి పట్టుకున్నది ఎవరన్న భయమే ఎక్కువగా ఉండేది.

ఏడాది తిరక్కుండా ఫిట్టరుకు మళ్లీ పెళ్లయింది. పలాస దగ్గర్నుంచి వచ్చిన పిల్ల, పది దాకా చదువుకుంది. దసరా ముందు ఆమె అత్తగారు గోల్‌బజార్‌లో కొన్న జాకెట్టు ముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఆది నీ కాడే ఉంది కదా వదినా. దాంతోనే కుట్టీ."

"ఈ పిల్ల ఒళ్లు వేరు కదా."

"ముందు పేరంటాలికి పెట్టాల. తరవాతే ఇది తొడుక్కోవాల. దానికి పట్టంది దాని ముందర ఎలా పెడతాం?"

ముత్తయిదువగా పోయిన కోడలిని పేరంటాలుగా కొలవడం, పండక్కి కొత్త బట్టలు ముందు ఆమె ఫొటో దగ్గర పెట్టి, తర్వాత ఇంట్లో ఉన్న కోడలు కట్టుకోవడం మావాళ్ల ఆనవాయితీ. కాదనలేక ముక్క తీసుకున్నాను. ఆ పండక్కీ, తర్వాత వచ్చిన పండగలకీ అదే ఆదితో కుట్టిచ్చాను.

ఆ పిల్లకు ఎడమవైపు పట్టేసేది. సర్దుకోవడానికి భుజం దించి నడిచేది. ఒకనాడు కుళాయి దగ్గర ఆమెను వెనకనుంచి చూశాను. పోయినామె పేరు నా నోటిదాకా వచ్చింది. పట్టపగలు, చుట్టూ అంతమంది ఆడవాళ్లు ఉండగా బిందె నింపకుండానే ఇంటికి వచ్చేశాను.

కొద్దిరోజులకు ఆ పిల్లే వచ్చి మిషను పక్కన కూర్చుంది.

"పిన్నీ, నాకంటూ ఒక్క జాకెట్టు కుట్టవా? అద్దంలో సూసుకుంటే బయమేస్తంది."

"నీ ఆది తే."

"పుట్టింటివన్నీ బిగుతైపోనాయి. మెళ్లో టేపుంది కదా, కొల్చు."

"నాకు అంకెలు రావే."

"మరెందుకేసుకున్నావు, దండలాగా?" అని నవ్వింది.

మధ్యాహ్నాలు, మగవాళ్లు వర్క్‌షాపులో ఉండే వేళ, నా సుద్దతోనే వరండా గచ్చు మీద అంకెలు రాసి దిద్దించింది. అప్పటికి నాకు నలభై దాటాయి. అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి. ముందు వచ్చినవి ఆ పిల్ల భుజం, చంక, నడుము. టేపు ఛాతీ చుట్టూ తిప్పి పట్టుకుంటే ఆమె ఊపిరి పీల్చింది, అంకె మారింది. ఒళ్లు కదులుతుందని, ఆది జాకెట్టు కదలదని అప్పుడు తెలిసింది నాకు.

కత్తిరించడానికి కూర్చుంటే ఎడమ గీత మళ్లీ దిగింది. చెరిపాను. మళ్లీ దిగింది. చివరికి టేపు పరిచి, అంకెను పైకి చదువుకుంటూ గీశాను.

ఉగాదికి ఆ జాకెట్టు నేనే తీసుకెళ్లి అత్తగారి చేతిలో పెట్టాను. దాచబుద్ధి కాలేదు.

"వదినా, ఇది ఈ పిల్ల కొలత. ఆదితో కుట్టలేదు."

"అలా కుట్టమని నీకెవులు సెప్పినారు?"

"నానే అడిగినానత్తా," అంది ఆ పిల్ల గుమ్మంలోంచి.

అత్తగారు ఫొటో ముందు పీట మీద జాకెట్టు పరిచింది. కుడి భుజం తడిమింది, తర్వాత ఎడమ భుజం. అక్కడి వాలు కోసం ఆమె వేళ్లు వెతుకుతూనే ఉన్నాయి. ఇన్నాళ్లూ నా చేత్తో ఆమె పోయిన కోడలిని ఇంట్లో నిలుపుకుందని అప్పుడు అర్థమైంది.

"అయితే పోనాదన్నమాటే," అంది అత్తగారు.

జాకెట్టు తీసి ఆ పిల్లకు అందించింది. "తొడుక్కో. దానికిక జాకెట్టు ముక్కే పెడతాన్లే, కుట్టకండా."

ఆ పిల్ల లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మేమిద్దరం ఆ తలుపు వైపు చూడకుండా కూర్చున్నాం.