తీసుకున్నవాడు లేని పని

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఒకసారి పెన్సిల్‌తో రాసి చెరిపేశాను. ఆ రోజు ఆ పనిని చదవకుండా ‘సరే’ అని నొక్కింది నేనే.

దయ్యాలను నమ్మే మనిషిని కాను. గోదావరిఖనిలో పెరిగితే గనుల గురించి కథలు చాలానే చెవిన పడతాయి. ఎవరైనా మొదలుపెడితే పుస్తకం తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. అందుకే ఇది జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను పనిచేసిన ఆఫీసులో మనుషుల కంటే ఏఐ ఏజెంట్లు ఎక్కువ. ఏజెంటంటే మనం చెప్పిన పనిని తనంతట తానే చేసుకుపోయే సాఫ్ట్‌వేర్. ఒక కంపెనీ ఏజెంట్ల బృందం, గనిలో షిఫ్టు దిగిన సర్దార్లు ట్యాబులో రాసిన రిపోర్టులు చదివి, చేయాల్సిన పనులు బయటికి తీసేది. ఇంకో కంపెనీ బృందం ఆ పనులకు మనుషులను, సామాను కేటాయించేది. రెండింటి మధ్యా నేను. ఒక బృందం మరో బృందానికి పని అప్పగించినప్పుడు చూసి ‘సరే’ నొక్కాలి.

మా బాపు సర్దార్‌గానే రిటైరయ్యాడు. గని లోపల ఒక షిఫ్టు కార్మికుల ప్రాణాలకు జవాబుదారీ సర్దారే. ఆయన కాలంలో దిగిపోయే సర్దార్ వచ్చే సర్దార్‌కు ఎదురుగా నిలబడి అన్నీ చెప్పేవాడు. విన్నవాడు ఆ మాటలే తిరిగి అప్పజెప్పి సంతకం పెట్టేవాడు. అప్పటిదాకా పని మొదటివాడి నెత్తి మీదే ఉన్నట్టు. మా సూపర్‌వైజర్‌కు ఇది చెబితే నవ్వాడు.

“గదంత పాతకాలం ముచ్చట చెల్లే. మనుషులు మర్చిపోతరు గానీ, ఏజెంట్లు మర్చిపోతయా?”

నేను తల ఊపాను. ఎదురు మాట్లాడటం నాకు చేతకాదు.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలు. గదిలో నేనొక్కదాన్నే. స్క్రీన్ మీద అన్ని పనులూ ఆకుపచ్చగా ఉన్నాయి. ఒకదాని కింద మాత్రం కొత్తగా ఏదో రాత కనబడింది. ఏజెంట్ల తెలుగు నాకు బాగా తెలుసు. ‘కార్యము విజయవంతముగా అప్పగించబడినది’ అని రాస్తాయవి. ఇది అలా లేదు.

‘అప్పజెప్పినమని రాసిన్రు. తీసుకున్నోడు లేడు. మనిషి కింద ఉన్నడు.’

పేరు ఉండాల్సిన చోట లాంప్ నంబర్ ఉంది. గనిలోకి దిగే ప్రతి మనిషి తలదీపానికీ ఉండే నంబర్ అది.

ఆ పని తెరిచాను. రాత్రి షిఫ్టు సర్దార్ స్పష్టంగానే రాశాడు. లోపలి పంపు దగ్గర పైకప్పు సప్పుడు చేస్తోంది, దాన్ని ఆపే కర్ర దిమ్మెలు నిలబెట్టేదాకా అక్కడ ఎవరినీ ఉంచొద్దు. మొదటి బృందం దాన్ని రెండో బృందానికి అప్పగించి, తన పని అయిపోయిందని మూసేసింది. ఎన్ని దిమ్మెలు కావాలని రెండోది తిరిగి అడిగింది. మూసేసిన పని కాబట్టి మొదటిది ఆ ప్రశ్న చదవనే లేదు. జవాబు కోసం రెండోది ఎదురుచూస్తూ ఉండిపోయింది. పొద్దున టీకి లేవబోతూ అన్నింటినీ కలిపి ‘సరే’ నొక్కేశాను. అందుకే ఆకుపచ్చ.

ఆ పంపు దగ్గర డ్యూటీ రాజయ్య కాకది. మా క్వార్టర్ వెనక లైనులో ఉంటాడు.

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. “సిస్టంల అంత మంచిగనే ఉంది గద, ఏంది నీ లొల్లి?” అని పెట్టేశాడు.

గని ఆఫీసుకు చేసి, లోపలి పంపు దగ్గరి ఫోన్‌కు కలపమన్నాను. కాక ఎత్తగానే అరిచాను.

“కాకా, అన్ని ఇడిసిపెట్టి బయటికి రా. పైకప్పు కూలుతది. ఏం అడగకు, నడువు!”

అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. కాక నడిచాడు. కాసేపటికి పైకప్పు పంపు మీద పడింది.

విచారణ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా ఏజెంట్ అప్పగించింది, మా బాధ్యత తీరింది అన్నారు ఒక కంపెనీవాళ్ళు. మా ఏజెంట్ తీసుకోలేదు, మా బాధ్యత మొదలే కాలేదు అన్నారు రెండోవాళ్ళు. చక్కటి ఇంగ్లిషులో, ఒకరినొకరు మెచ్చుకుంటూ. నేను చదివే ‘సరే’ నొక్కానా అని ఎవరూ అడగలేదు. ఒకరి చేతి నుంచి పోయి ఇంకొకరి చేతికి చేరని పని మధ్యలో ఎక్కడుంది? రాజయ్య కాక నెత్తి మీద ఉంది. ఆ మాట అక్కడ ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు.

స్క్రీన్ మీది ఆ రాత నాదేనన్నారు. “పిల్ల బుక్కులు సదువుతది సార్, కథలు అల్లే అలవాటు,” అన్నాడు సూపర్‌వైజర్, నా ముందే. తీరా చూస్తే అది నా కంప్యూటర్ నుంచి పోలేదు. ఏ బృందంలోని ఏ ఏజెంటూ రాయలేదు. చివరికి ‘సాంకేతిక లోపం’ అని రాసుకున్నారు. మనిషిని మరిచిపోయినదానికి లోపమన్న పేరు పెట్టలేదు, గుర్తుచేసినదానికి పెట్టారు! పైవాళ్ళను కాదని గనికి ఫోన్ చేశానని నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు.

తలదీపాలిచ్చే లాంప్ రూంకు పోయి ఆ నంబర్ అడిగాను. దాని కొక్కెం ఖాళీగా ఉంది. “గా నంబరు ఎవ్వలకియ్యం. నేనొచ్చినకాంచి గంతే,” అన్నాడు అక్కడి మనిషి. ఎందుకో ఆయనకూ తెలియదు. బాపును అడిగితే తెలియదని, లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

తర్వాతి వారం రాజయ్య కాక మక్కకంకులు తీసుకుని ఇంటికొచ్చాడు. ‘సరే’ నొక్కింది నేనేనని చెబుదామనుకున్నాను. కంకులు అందుకుని టీ తెచ్చిచ్చాను. ఆయన చెప్పులేసుకుని, గేటు దగ్గర ఆగి, ఇటు తిరిగాడు.

“పోయొస్త బిడ్డా. గా దినం ఫోన్ల నీ ఎనక నిలబడి, దగ్గుకుంట, ‘జల్ది చెప్పు, జల్ది చెప్పు’ అన్నడు గద పెద్దాయన, గాయనకు గూడ నా దండం చెప్పు.”