వాగులో పోసిన టీపొడి

మా రబ్బరు తోట నుంచి తెల్లదొరను వెళ్లగొట్టింది నేనే. పట్నంలో మేముండే బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో టీ మరిగే వాసన తగిలితే ఇప్పటికీ మనవలకు అదే చెబుతాను.

పన్ను కట్టమన్న ఇంగ్లండు దొరల మీద కోపంతో అమెరికావాళ్లు తేయాకును సముద్రంలో పారబోశారనీ, ఆఖరికి సొంత ప్రభుత్వమే పెట్టుకున్నారనీ బడిలో మాస్టారు చెప్పారు. మా దొర అమ్మను రోజూ కసిరేవాడు. ఆ సాయంత్రమే ఇంట్లోని టీపొడి డబ్బాను వాగులో గుమ్మరించి, దొర ఎప్పుడు పోతాడా అని గట్టున కూర్చున్నాను.

నిజానికి దొర మరో ఆరేళ్లు ఉన్నాడు. పోయింది అమ్మ టీ ఒక్కటే.

"అయినా అమ్మ నవ్వేసింది," అన్నాను నిన్న అక్కతో.

"నవ్వనేదు లా," అంది అక్క, ఇక్కడివాళ్లలాగే మాట చివర 'లా' తగిలిస్తూ. "ఆ వారమంతా తలనొప్పితోనే రబ్బరు సెట్లు గీయడానికెళ్లినాది. నిన్నేటైనా అంటే బడి మానేస్తావని ఊరుకున్నాది."