గోడ దాటిన పిన్ని నవ్వు

"నేడే ఆఖరు రోజు... తప్పక చూడండి" అంటూ మైకు కట్టిన రిక్షా వీధిలోకి వచ్చిందంటే, మా చిన్నప్పుడు, ఇంట్లో ఎవరికీ చేతిలో పని మీద ధ్యాస నిలిచేది కాదు...

ఆ వేసవి సెలవుల్లో నేను నిడదవోలులో అమ్మమ్మగారింట్లో ఉన్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ వారం హాల్లో ఆడుతున్నది ఒక పల్లెటూరి అమ్మాయి సినిమా. పట్నం నుంచి వచ్చిన షోకిల్లారాయుడి చేత పేడ ఎత్తించి, గేదె పాలు పితికించి, చివరికి అతన్నే పెళ్ళాడుతుంది. అలాంటివి అప్పట్లో బోలెడు వచ్చేవి. కథ ముందే తెలిసినా ఎగబడి వెళ్ళేవాళ్ళం.

మా సరోజ పిన్నికి ఆ సినిమా చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అమ్మమ్మేమో ససేమిరా అంది. కారణం పిన్ని నవ్వు... మొదలైతే ఆగదు. అంతకుముందు పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు మేనమామ కండువా కొంగు కాఫీలో మునిగితే ఫక్కున నవ్వేసింది. ఆ సంబంధం కాస్తా గుమ్మం దిగిపోయింది.

"ఆదివారం పిఠాపురం వాళ్ళు వస్తున్నారు. అది తేలేదాకా సినిమా పేరెత్తావంటే ఊరుకోను" అంది అమ్మమ్మ. బట్టల కొట్టున్న మంచి కుటుంబం. ఇదీ తప్పిపోతే పిల్లకి పేరు పడిపోతుందని ఆవిడ బెంగ.

ఆ గురువారం మధ్యాహ్నం టైలరు దగ్గర జాకెట్టు తెచ్చుకోవాలని చెప్పి, నన్ను తోడు పెట్టుకుని పిన్ని మాట్నీకి వెళ్ళిపోయింది!

నేల టిక్కెట్లో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ ఉండేది. చీరల మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. తెర మీద గేదె తోకతో ఒక్కటి ఇచ్చింది... పట్నం కుర్రాడు వెళ్ళి కుడితి తొట్లో పడ్డాడు. అంతే, పిన్ని మొదలుపెట్టింది. సీను అయిపోయి పాట వచ్చినా కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది.

"ఎవరమ్మా అది? కాస్త పాట విననివ్వండి తల్లీ!" అని గోడ అవతల నుంచి ఒక పెద్దాయన కేకేశాడు. దాంతో నవ్వు ఇంకా ఎక్కువైంది.

ఆదివారం పిఠాపురం వాళ్ళు వచ్చారు. పిన్ని తల వంచుకుని చాప మీద కూర్చుంది. అమ్మమ్మ సున్నుండల పళ్ళెం వాళ్ళ ముందుంచి, "మా అమ్మాయి నెమ్మదస్తురాలండి. సినిమాలూ షికార్లూ ఎరగదు. గట్టిగా నవ్వను కూడా నవ్వదు. ఏమే, అంతేగా?" అని నా వైపు తిరిగింది.

నన్నెందుకు అడగాలి చెప్పండి! "గురువారం మాట్నీలో నవ్విందిగా అమ్మమ్మా... గోడవతల తాతగారు కేకలేశారు కూడా" అనేశాను.

పెళ్ళికొడుకు వాళ్ళ నాన్నగారి చేతిలో సున్నుండ అలాగే ఉండిపోయింది. పిన్ని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు తెలిసింది నేనేం చేశానో... పారిపోదామంటే గుమ్మానికి అడ్డంగా తాతయ్య.

అప్పటిదాకా నోరు విప్పని పెళ్ళికొడుకు, "గేదె సీను దగ్గరేనా అండి?" అన్నాడు.

పిన్ని తలెత్తింది.

"గురువారం భీమవరంలో సరుకు చూసుకుని వస్తూ, ఇక్కడ బండి మారాలండి. టైముంది కదా అని హాల్లోకి వెళ్ళాను. సగంలో లేచి వచ్చేద్దామనుకున్నాను. అవతల ఎవరో ఒకటే నవ్వు... లేవబుద్ధి కాలేదండి. బండి తప్పిపోయింది" అన్నాడు సిగ్గుపడుతూ.

"రైలు లేటన్నావు కదరా!" అన్నారు వాళ్ళ నాన్నగారు.

ఇంకేముంది... పిన్ని ఆపుకోలేకపోయింది. ఈసారి పమిట నోటికి అడ్డం పెట్టుకుని అమ్మమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత వచ్చిన మాఘమాసంలో పెళ్ళయింది.

నా తొందరపాటు నోటిని క్షమించినందుకు పిన్నికి, నన్ను కొట్టనందుకు అమ్మమ్మకి, కుడితి తొట్టి సీను రాసిన మహానుభావుడెవరో ఆయనకి... ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

మొన్న పిఠాపురం వెళ్ళాను. బాబాయికి ఇప్పుడు సరిగ్గా వినపడదు. వినికిడి మిషను పెట్టుకోమంటే చిరాకు, సొరుగులో పడేస్తారు. నా ఫోనులో ఆ పాత సినిమా వెతికి పిన్నికి పెట్టాను. గేదె తోక విసిరింది... పిన్ని మొదలుపెట్టింది, అదే నవ్వు. బాబాయి గబగబా సొరుగు దగ్గరికి వెళ్ళి, మిషను తీసి చెవికి పెట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నారు. సినిమా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి చెవుల్లో వైర్లు వాళ్ళవి... పక్క గదిలో ఎవరు నవ్వినా మనదాకా రావడం లేదు. మీ ఇంట్లో అలా గోడలు దాటిన నవ్వు ఎవరిదండీ? చెప్పండి, వినాలనుంది...