బుడాపెస్ట్‌లో మూడు మునకలు

మా బంధువుల్లో ఒక కథ చెలామణిలో ఉంది. ఒక కోడలు తన అత్తగారిని బలవంతాన విమానం ఎక్కించి, ఎముకలు కొరికే చలిలో ఫారిన్ తీసుకెళ్ళి, డెబ్బై దాటిన మనిషికి ఈత దుస్తులు తొడిగి నీళ్ళలోకి దింపిందట. చెప్పేవాళ్ళు చివర్లో "పాపం పెద్దావిడ" అని కూడా కలుపుతారు. ఆ కోడల్ని నేనే. ఇందులో విమానం నిజం, చలి నిజం, నీళ్ళు నిజం. బలవంతం మాత్రం పచ్చి అబద్ధం. నేనైతే సింగపూర్ అన్నాను.

మా అత్తయ్యగారు బట్టల కొట్టువాళ్ళింట పుట్టి, బట్టల కొట్టువాళ్ళింటికే కోడలిగా వచ్చారు. ఆవిడ చేసిన ప్రతి ప్రయాణం వెనకా ఒక మొక్కో, పెళ్ళో, ఆసుపత్రో ఉండేది. ఊరికే చూడ్డానికని ఏ ఊరూ వెళ్ళి ఎరగరు. ఆవిడకంటూ ఉన్న ఒకే ఒక్క సరదా, దాన్ని సరదా అంటే ఒప్పుకోరు గానీ, కార్తీక స్నానం. ఆ నెలంతా తెల్లవారకముందే కృష్ణలో మునిగేవారు. నా పెళ్ళైన కొత్తలో నన్నూ లాక్కెళ్ళేవారు. నేను మెట్టు మీద వణుకుతూ నిలబడితే, "అంత చదువు చదివావు, నీళ్ళు కరవవని చెప్పలేదా మీ కాలేజీలో?" అనేవారు.

మూడేళ్ళ కిందట ఆవిడకు న్యుమోనియా చేసింది. కోలుకున్నాక డాక్టరు చన్నీళ్ళ స్నానం మానెయ్యమన్నాడు. ఆ ఏడు కార్తీకంలో ఘాట్‌కి వెళ్ళి, మెట్టు మీదే నిలబడి, చెంబులో నీళ్ళు నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకున్నారు. పక్కన ఆడవాళ్ళంతా మునిగి లేస్తున్నారు.

"ఇది స్నానం కాదే అమ్మాయ్. ఇస్త్రీకి ముందు బట్ట మీద నీళ్ళు చల్లినట్టుంది" అన్నారు.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఆ తర్వాత ఎప్పుడో ఫోన్‌లో ఒక వీడియో చూసి నన్ను కేకేశారు. పసుపు రంగు గోడల మధ్య, ఆకాశం కింద, పెద్ద కొలను. నీళ్ళ మీద పొగలు. చుట్టూ గట్ల మీద మంచు. మెడలోతు నీళ్ళలో ఆవిడ వయసు ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇద్దరు ముసలాయనలు నీళ్ళలోనే నిలబడి చదరంగం ఆడుతున్నారు.

"ఏ ఊరే ఇది?"

"బుడాపెస్ట్ అండీ. హంగరీ దేశానికి రాజధాని. భూమిలోంచే వేడినీళ్ళు ఊరతాయిట."

"మనం వెళ్ళగలమా?"

ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఇరవై ఆరేళ్ళలో ఆవిడ నన్ను ఒక చోటికి తీసుకెళ్ళమని అడగడం అదే మొదలు. అయినా నా నోరు ఊరుకోదు కదా. అంత చలి దేశం ఎందుకు, సింగపూర్ అయితే సుఖంగా ఉంటుందన్నాను. "సింగపూర్‌లో ఏం చెయ్యను? కొట్లు చూడనా? పుట్టినప్పట్నించీ కొట్లే చూస్తున్నా" అన్నారు. డాక్టర్ని అడిగితే, వెచ్చటి నీళ్ళైతే పర్వాలేదు, బయటికి రాగానే తల తుడుచుకుని చెవులు కప్పుకోవాలి అన్నాడు. దాంతో అడ్డు తొలగింది. మా ఆయన పేపర్ చాటునుంచి "మీ ఇద్దరి మధ్యలోకి నేను రాను" అన్నారు. అన్న మాట నిలబెట్టుకుని ప్రయాణానికి కూడా రాలేదు.

ప్లాను నేను వేశాను. కోట, పార్లమెంటు భవనం, మూడు మ్యూజియాలు, పడవ షికారు, క్రిస్మస్ అంగళ్ళు. ఆవిడ విని, "నువ్వు ఊరు చూడ్డానికి వెళ్తున్నావా, పరీక్ష రాయడానికా?" అన్నారు. రోజుకు ఒక్క చోటు, మిగతా పొద్దంతా ఎక్కడో ఒకచోట కూర్చుని మనుషుల్ని చూడటం. అదీ ఆవిడ పద్ధతి. నది కనపడే హోటల్ చూపిస్తే కాదన్నారు. "సత్రం ఎప్పుడూ గుడికి దగ్గర్లో ఉండాలి. తడిజుట్టుతో ఎంత దూరం నడుస్తామే?" మ్యాప్ తీసి చూస్తే ఆవిడదే సబబు. ఆ కొలనుకు నడిచి వెళ్ళగలిగే గది తీసుకున్నాం. రోజులు కూడా ఆవిడే ఖాయం చేశారు. కార్తీకం వెళ్ళాక, ధనుర్మాసం పట్టకముందు. "నెల పట్టాక గుమ్మంలో ముగ్గెవరు పెడతారు, నువ్వా?" అన్నారు.

హైదరాబాద్‌లో వీసా కౌంటర్ దగ్గర అమ్మాయి, "ఏ పని మీద వెళ్తున్నారమ్మా?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోగా "స్నానానికి" అన్నారు. ఆ అమ్మాయి నా వంక చూసి, "టూరిజం అని పెడతానండి" అంది.

అసలు గొడవ బట్టల దగ్గర వచ్చింది. ఆ కొలనులోకి చీరతో రానివ్వరు. ఈత దుస్తులే ఉండాలి. నిండు చేతులు, మోకాళ్ళ కిందిదాకా ఉండే నల్లటి జత ఒకటి తెప్పించాను. ఆవిడ దాని అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి, "జారిపోతోంది. దీన్ని బట్ట అంటారా?" అన్నారు. సరిగ్గా ఆ సమయానికి ఉయ్యూరు నుంచి మా ఆడపడుచు దిగారు. మా ఆయనకు అక్క, నాకు వదినగారు. మంచం మీద ఆ నల్లటి జత చూశారు.

"అమ్మా! ఇది నువ్వు వేసుకుంటావా?"

"వేసుకోక ఉతికి ఆరేస్తానా?"

"ఆ డబ్బుతో కాశీ వెళ్ళొచ్చుగా, పుణ్యమన్నా దక్కేది!" అని నా వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పొద్దూ? తగుదునమ్మా అని టిక్కెట్లు కొనేశావు!"

"కాశీ మూడుసార్లు వెళ్ళొచ్చారు వదినగారూ. నాలుగోసారి వెళ్తే మళ్ళీ వచ్చారేమిటని విశ్వనాథుడే అడుగుతాడు" అన్నాను.

వదినగారికి కోపం వచ్చింది. అత్తయ్యగారు ఆ జతను మడతపెడుతూ తీరిగ్గా అన్నారు: "గుళ్ళోకి వెళ్ళేటప్పుడు మగాళ్ళు చొక్కా విప్పరా? మడి కట్టుకుని వంట చెయ్యమా? నీళ్ళలోకి దిగే ముందు విడిగా ఒంటికి నీళ్ళు పోసుకుని రమ్మంటున్నారట వాళ్ళు. ఇక ఈ బట్ట వాళ్ళ మడి. వాళ్ళ నీళ్ళు, వాళ్ళ నియమం."

ఇన్నేళ్ళూ నేను మడి మీద ఆవిడతో ఎన్ని వాదనలు చేశానో! ఒక్కటీ గెలవలేదు. అదే మడిని ఆవిడ ఈత దుస్తుల దాకా సాగదీసి నాకు చూపించారు. చదువుకున్నదాన్ని, నాకు తట్టలేదు.

మిగిలింది సంకల్పం. నీళ్ళలో మునిగే ముందు ఏ దేశంలో, ఏ నది ఒడ్డున, ఎవరి క్షేమం కోసం అని చెప్పుకోవాలి. ఇక్కడైతే కృష్ణా గోదావరుల మధ్య దేశం అంటాం. అక్కడేమనాలని పురోహితుడుగారికి ఫోన్ చేశారు. ఆయన కాసేపు నీళ్ళు నమిలి, "జంబూద్వీపే బదులు క్రౌంచద్వీపే అంటారమ్మా కొందరు. నది పేరు మాత్రం మీరే కలుపుకోండి" అన్నారు.

"ద్వీపం సంగతి వదిలెయ్యండి అత్తయ్యగారూ" అన్నాను నేను. "మామయ్యగారి కోసం మునిగారు, పిల్లల కోసం మునిగారు, మనవల పరీక్షల కోసం కూడా మునిగారు. ఈ ఒక్కసారి ఎవరి కోసమూ కాకుండా మునగండి."

"ఎవరి కోసమూ కాకుండా ఎట్లా మునుగుతారే?" అన్నారు, నిజంగా అర్థం కానట్టు.

బుడాపెస్ట్‌లో రెండో రోజు సాయంత్రం కొలనుకు వెళ్ళాం. నాలుగింటికే చీకటి పడింది. మంచు లేదు, సన్నటి తుంపర. బట్టలు మార్చుకునే గదుల నుంచి నీళ్ళ దాకా ఆరుబయట నడవాలి. నేను తువ్వాలు చుట్టుకుని, పళ్ళు కటకటలాడిస్తూ గుమ్మంలో ఆగిపోయాను. ఆవిడ ఆగలేదు. ఆ నల్లటి జతలో, కొప్పు బిగించుకుని, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారు. మోకాళ్ళు, నడుము, మెడ. పొగల్లో ముఖం ఒక్కటే మిగిలింది. నేను వెనకాలే దిగాను. మా పక్కన చదరంగం ఆడుతున్న ముసలాయన పావు చేతిలోనే పట్టుకుని ఆవిడనే చూస్తున్నాడు.

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. పురోహితుడుగారు చెప్పినంత పొడుగు మాత్రం కాదు, చాలా చిన్న మాట. ముక్కు మూసుకుని మునిగారు. లేచారు. మళ్ళీ, మళ్ళీ. మూడోసారి లేచాక ఆ ముఖంలో కనిపించింది నేను ఘాట్ మీద ఏనాడూ చూడలేదు. నన్ను చూసి నవ్వారు.

"ఎవరి పేరు చెప్పుకున్నారు?" అన్నాను.

"నీళ్ళు భలే వెచ్చగా ఉన్నాయే" అన్నారు.

వచ్చాక కూడా అడిగాను. ముగ్గు పెడుతుంటే అడిగాను, కూరలు తరుగుతుంటే అడిగాను. ప్రతిసారీ నీళ్ళ వెచ్చదనమే చెబుతారు. లాక్కెళ్ళానని మా వాళ్ళు ఏమన్నా అనుకోనివ్వండి. నాకు తెలియాల్సింది ఒక్కటే: ఆ మూడు మునకలు ఆవిడ ఎవరి కోసం మునిగారు?