మాస్టారు దాటేసే వచనం

దేవుడి తరఫున నేను చాలామందితో వాదించాను. నన్ను నిజంగా ఇరుకున పెట్టింది మాత్రం నాస్తికుడు కాదు, నాస్తికుడి తల్లి. తన కొడుకు తనతో పాటు పరలోకానికి వస్తాడా రాడా అన్నది ఆమెకు తేలాలి. తేల్చవలసినదాన్ని నేనని ఆమె ఎందుకు అనుకుందో చెప్పాలంటే ముందు మా స్టాఫ్‌రూమ్ సంగతి చెప్పాలి.

ఎనభైల్లో గురజాల దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ టీచర్‌గా చేరాను. మా నాన్న నరసరావుపేటలో సువార్తికుడు, ఊరూరా తిరిగి బైబిలు వాక్యం చెప్పే మనిషి. నాస్తికులు ఏమడుగుతారో, దానికి ఏం చెప్పాలో ఎక్కాల్లాగా నాకు చిన్నప్పుడే వల్లె వేయించాడు. అందుకని సైన్సు మాస్టారు మొదటి రోజే "దేవుడున్నాడనేదానికి రుజువేందమ్మాయ్?" అన్నప్పుడు నేను బెదరలేదు, సంబరపడ్డాను. అసలే నాకు ముక్కు మీద కోపం. వాదన దొరికితే అన్నం కూడా గుర్తుండదు.

మాస్టారు నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. బాబాలు గాల్లోంచి విబూది తీసే కిటుకు క్లాసులో పిల్లలకు చేసి చూపించేవారు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే అందరం క్యారేజీలు విప్పేవాళ్ళం, మేమిద్దరం వాదన కూడా విప్పేవాళ్ళం.

"మీ దేవుడు అంత మంచోడైతే సాగర్ కాలవ చివరి పొలాలకి నీళ్ళెందుకు రావు?"

"అది దేవుడి పని కాదు సార్, ఇరిగేషన్ వాళ్ళ పని."

"వానొస్తే దేవుడి గొప్ప, కాలవ ఎండితే ఇరిగేషన్ వాళ్ళ తప్పు. చానా బాగుందమ్మాయ్ మీ లెక్క!"

తెలుగు పంతులుగారు పొలమారేటట్టు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆదివారం నరసరావుపేట వెళ్ళి నాన్నను అడిగి మంచి జవాబు తెచ్చుకున్నాను. సోమవారానికల్లా మాస్టారు ప్రశ్న మార్చేశారు.

ఓడిపోవడం కంటే నన్ను ఎక్కువగా తొలిచింది ఇంకొకటి. ఆయనకు వాక్యం నాకంటే బాగా తెలుసు. నేనొక వచనం ఎత్తుకుంటే దాని ముందు మాటేమిటో, తర్వాతి మాటేమిటో చెప్పేవారు. నేనొక పదం అటూ ఇటూ చేస్తే పట్టుకునేవారు. తిట్టడానికి చదివేవాళ్ళు ఏ నాలుగు పేజీలు చదువుతారో నాకు తెలుసు. ఈయనైతే, ఎవరు ఎవరిని కన్నారో చెప్పే వంశావళులు కూడా వదల్లేదు. దేవుడు లేడనే మనిషికి అంత ఓపిక ఎక్కడిది? ఎన్నిసార్లు అడిగినా "చదివాన్లే" అని మాట తప్పించేవారు.

ఆ వేసవిలో పదో తరగతి పేపర్లు దిద్దడానికి ఆయన్ను గుంటూరు వేశారు. బయల్దేరే ముందు స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నన్ను ఆపారు.

"మా అమ్మకి కళ్ళు పోయినయ్. సాయంత్రం వాక్యం వినందే ముద్ద ముట్టదు. అన్నం పక్కింటి వదిన పెడద్ది. నేనొచ్చిందాకా నువ్వు కాస్త చదివి పెట్టాలమ్మాయ్."

"ఇన్నాళ్ళూ ఎవరు చదివారు సార్?"

"ఇంకెవరు? ఆమెకి కళ్ళు లేవు, నాకున్నయ్."

ఎప్పుడు సాయంత్రమవుతుందా అని ఎదురుచూశాను.

మాస్టారింట్లో నాపరాళ్ళు పరిచిన వసారాలో నులక మంచం మీద మామ్మ కూర్చుని ఉంది. కాళ్ళు కడుక్కుని, కొంగు తల మీదికి లాక్కుని సిద్ధంగా ఉంది. మా ఇళ్ళలో చదివినవాళ్ళు ఆఖరున ఈ మాటలను దేవుడు దీవించుగాక అంటారు, విన్నవాళ్ళు ఆమేన్ అంటారు. చదవడం అయ్యాక అలవాటుగా నేనూ అన్నాను. మామ్మ నవ్వింది.

"మావాడు ఆ మాట అనడమ్మా. దీవెనా నేనే చెప్పుకుంటా, ఆమేనూ నేనే అనుకుంటా. ఇయ్యాల నాకు సగం పని తగ్గింది."

ఆమెకు చదువు రాదు. చిన్నతనం నుంచి విని విని అంతా నోటికి వచ్చేసింది. నేను చదువుతుంటే ఆమె పెదాలు నాతో పాటు కదిలేవి, ఒక్కోసారి నాకంటే ముందే వెళ్ళేవి. ఒక సాయంత్రం, నమ్మనివాళ్ళకు పడే శిక్ష గురించిన మాట చదువుతుండగా ఆ పెదాలు ఆగిపోయాయి.

"ఈ మాట ఇని చానా ఏళ్ళయిందమ్మా."

"అదేంటి మామ్మా, సారు చదవరా?"

"ఆడికి రాగానే వాడికి దగ్గొస్తది. దగ్గి, కింది మాట ఎత్తుకుంటాడు. ఇట్టాంటియి ఎక్కడొచ్చినా అంతే."

"నీకు తెలుసని చెప్పలేదా?"

"ఎందుకు చెప్తా? నేను కుమిలిపోతానని గదా వాడు దాచేది. దాచుకోనీ."

నేను ఒక్క పదం మింగితే స్టాఫ్‌రూమ్ అంతా వినేలా ఎత్తిచూపే మనిషి, తల్లి దగ్గర ఏకంగా వచనాలే మింగేస్తున్నాడు! ఆ క్షణంలో ఆయన మీద నాకు చెప్పలేనంత ఇష్టం కలిగింది. మామ్మ తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

"రోజూ వాడితో వాదిస్తావంటగా. గెలుస్తావా?"

"ఇంకా గెలవలేదు మామ్మా."

"నాకు అంత టైము లేదు తల్లీ. నేను పోయేకాడికి వాడు రాకపోతే ఆడ నాకేం తోస్తది? చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. వస్తాడా?"

నాన్న నేర్పిన జవాబు నాలుక చివరనే ఉంది. వాదనలో ఎన్నోసార్లు వాడినదే. అది ఆమె చెవిన వేయడానికి నాకు మనసొప్పలేదు. "తెలియదు మామ్మా" అన్నాను. దేవుడి మీద నా నమ్మకం రవ్వంత కూడా తగ్గలేదు. కానీ ఆయన తరఫున అన్నిటికీ నేనే జవాబు చెప్పగలనన్న ధీమా ఆ వసారాలోనే పోయింది.

మాస్టారు గుంటూరు నుంచి వచ్చాక "మా అమ్మ ఇబ్బందేం పెట్టలేదుగా?" అని అడిగారు. దాచడం నాకు చేతకాదు.

"మీ దగ్గు సంగతి ఆమెకు తెలుసు సార్. మొదటినుంచీ తెలుసు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "అంటే ఇన్నేళ్ళూ ఆమెని మోసం చేశానన్నమాట."

"మీరు కాదు, ఆమే మిమ్మల్ని మోసం చేసింది."

నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. పిల్లలకు కిటుకులు విప్పి చూపించే మనిషికి తన కిటుకు బయటపడితే ఎలా ఉంటుందో నాకు తెలియదు. "సాయంత్రం ఇంటికి రా" అని మాత్రం అన్నారు.

వెళ్ళాను. ఆయన పేజీలు తిప్పి, ఆ అధ్యాయమే తీశారు. మామ్మ కొంగు కప్పుకుంది. ఆ మాట వచ్చింది. ఆయన దగ్గలేదు. పాఠం చెప్పే గొంతుతోనే నమ్మనివాళ్ళకు ఏమవుతుందో అక్షరం పొల్లుపోకుండా చదివి, ఆగి, తల్లి వైపు చూశారు.

ఆ గ్రంథంలో ప్రతి అక్షరమూ నిజమని పుట్టిందగ్గర్నుంచీ నమ్మిన మనిషి ఆమె.

"అది ఇంకెవురి గురించో లేరా," అంది మామ్మ. "నువ్వు చదువు."