ఉత్త పంజరంలో ఎర్ర గాజులు

ఇబ్రహీంపట్నంలో భూమి లేనివాడు కూడా భూమి అమ్ముతున్న రోజులవి. చాయ్ చెప్పి అది వచ్చేలోపు ఎకరం ధర రెండుసార్లు పెరిగేది. మా మేనమామ మొదలుకొని గడ్డం గీసే అన్న దాకా ఊరంతా పొలాలను ప్లాట్లుగా కోస్తుంటే, నేనొక్కణ్ణే ఎలుకల మెదళ్ళను పొరలు పొరలుగా కోస్తూ కూర్చున్నాను. నాకు పిల్లనిచ్చినవాళ్ళు పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశారు.

పెద్దయ్యాక మెదడులో కొత్త కణాలు పుట్టవని పాత గురువులు ఒట్టేసి చెప్పేవారు. పుడతాయని మేం. ఆటపాటలతో బతికిన ఎలుకల్లో అవి ఎక్కువగా నిలుస్తాయని చూపించడం నా పని. నగరంలోని మా సంస్థలో ఎలుకలకు చోటు చాలక, మా ఊరి శివారులో మూతబడ్డ కోళ్ళఫారం షెడ్డును అద్దెకు తీసుకున్నాం. సగం పంజరాలలో తిరిగే చక్రం, గొట్టాలు, నిచ్చెనలు, ఊయల. తుక్కుగూడ వెంచర్ల క్లబ్‌హౌస్‌లకు కూడా అంత హంగు ఉండేది కాదు. మిగతా సగంలో పొట్టు, మేత, నీళ్ళు, అంతే. నెలన్నర తర్వాత అన్నింటినీ కోసి, రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే కొత్త కణాలు పచ్చటి చుక్కల్లా మెరుస్తాయి.

మొదటి విడతలో కళ్ళు ఉబ్బేదాకా చూశాను. ఆటల పంజరాల మహారాజుల మెదడులో ఎన్ని చుక్కలున్నాయో ఉత్త పంజరాల వాళ్ళ మెదడులోనూ ఇంచుమించు అన్నే ఉన్నాయి.

షెడ్డు యజమానికి అక్కడ వెంచర్ ఆఫీసు పెట్టాలని ఎప్పటినుంచో ఉబలాటం. "డాక్టర్ సాబ్, ఇంకొక్కసారి జూడు. ఏమన్న తేలితే ఉండు, లేకుంటే ఖాళీ జెయ్. కందుకూరు దిక్కు ఎలుకలు మస్తుగ దొరుకుతయ్" అన్నాడు. నగరంలోని మా పెద్దసారు ఇదే మాటను ఇంగ్లీషులో చెప్పి ఫోన్ పెట్టేశాడు.

కొత్త ఎలుకలతో రెండో విడత మొదలైంది. ఓ పొద్దున నేను మామూలు కంటే ముందే షెడ్డుకు వెళ్ళాను. పంజరాలు కడిగి మేత వేయడానికి పెట్టుకున్న అక్క, మాకు దూరపు చుట్టం, నేల మీద కూర్చుని ఉంది. ఆమె ముందు ఉత్త పంజరాలన్నీ కళకళలాడుతున్నాయి. ఒకదాంట్లో ఎర్ర గాజులు, ఒకదాంట్లో అగ్గిపెట్టెలు, ఇంకోదాంట్లో చీర పీలికతో కట్టిన ఊయల. అందులో ఒక ఎలుక జమీందారులా పడుకుని నా వైపు చూసింది.

"అక్కా, ఏం జేస్తున్నవ్?"

"కనవడ్తలేదా? ఆడిపిస్తున్న."

"వీటికి ఏమియ్యొద్దని చెప్పిన గద!"

"చెప్పినవ్. గవేమో రాజు కొడుకులు, ఇవేమో సవితి పిల్లలా? మొదటి విడత కాన్నుంచి నువ్వొచ్చే యాళ్ళకు రోజూ తీసేస్తనే ఉన్న. గింత లొల్లి ఎందుకు?"

"తేడా జూడనీకెనే గట్ల పెట్టిన్నక్కా! తేడా రాకుంటే షెడ్డు పోతది, నా కొలువు పోతది."

"ఆఖర్ల అన్నిటి తలకాయలు కోస్తవా, లేదా?"

"కోస్త."

"కోసేకాడ సమానం, పెట్టేకాడ గాదా?"

మహామహా పండితుల ముందు వాదించి పట్టా తెచ్చుకున్నవాణ్ణి. వంగి పంజరాల్లోంచి గాజులు ఏరడం మొదలుపెట్టాను. ఆమె చీపురు తీసుకుంటూ, "అబ్దుల్లాపూర్‌మెట్ కాడి పొలం అమ్మేటప్పుడు మా అన్నలు గూడ గిట్లనే చెప్పిన్రు, దీనికో లెక్కుందని. చీర వెట్టి సంతకం వెట్టిచ్చుకున్రు" అంది.

ఆ ఎలుకలను పక్కనపెట్టి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఆటల పంజరాలు ఆమెవి, ఉత్తవి నావి అని ఒప్పందం. "పాపం నీకే సుట్టుకోని" అని దీవించింది. నెలన్నర పాటు వాటి కంపు నేనే కడిగాను. గాజు ముక్కైనా పడెయ్యవా అన్నట్టు అవి నన్ను చూసే చూపుకు నాకు అన్నం సహించక చిక్కి సగమయ్యాను. బెల్టుకు కొత్త రంధ్రాలు పొడవాల్సి వచ్చింది.

ఈసారి తేడా వచ్చింది, గుడ్డివాడికైనా కనిపించేంత. యజమానిని పిలిచి కంప్యూటరు తెర మీద రెండు బొమ్మలూ పక్కపక్కన చూపించాను.

"గీ చుక్కలు మస్తుగున్నది ఆడుకున్నదా?"

"అవ్, అన్నా."

"అయితే నా వెంచర్ల పార్కు పెద్దగ వెట్టాలె. పిల్లల తలకాయల తెలివి మొలుస్తదని బోర్డు రాపిస్త. నువ్వు ఉండు సాబ్, యాడికి వోతవ్!"

అలా మెదడు శాస్త్రాన్ని రియల్ ఎస్టేట్ కాపాడింది. వెనక నిలబడ్డ అక్క మాత్రం చుక్కలు తక్కువున్న బొమ్మనే చూస్తోంది.

"గిది నీ దిక్కుదా?"

"అవ్."

వెళ్ళి చాయ్ తెచ్చింది. యజమాని గ్లాసు నిండుగా ఉంది. నాది సగమే.

"సగమే పోసినవేందక్కా?"

"అన్నకు నిండ, నీకు సగం. నెలన్నర గిట్లనే పోస్త. తేడా జూద్దాం."

యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆఖర్ల ఏం చేస్తవని అడిగే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది.